హిరోషిమానా, నాగసాకినా?

"ఒసాకాలో పిల్లోడి దగ్గరికి పోతున్నాం సార్. బాంబు పడిన ఊళ్లు రెండూ చూడాల్నా, ఒకటి చాలా?" అని అనంతపురంలో మా వీధివాళ్లు అడిగారు. మేం రెండూ చూసొచ్చాం. చేతిలో ఒక్కరోజే ఉంటే హిరోషిమాకే వెళ్లండి. రెండు రోజులు దొరికితే మాత్రం నాగసాకిని వదులుకోకండి.

ఒసాకా నుంచి హిరోషిమాకు బుల్లెట్ రైల్లో గంటన్నర. స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కితే బాంబు స్మారక పార్కు దగ్గరే దిగొచ్చు. పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. నాగసాకికైతే రెండుసార్లు రైలు మారాలి, నాలుగు గంటల పైమాటే. పైగా అది గుట్టల ఊరు. మోకాళ్ల నొప్పులుంటే హిరోషిమానే సుఖం. రెండు నదుల మధ్య చదునుగా ముప్పై ఎకరాల పార్కు.

1945 ఆగస్టు 6, ఉదయం 8:15. బాంబు దాదాపు నెత్తిమీదే పేలడంతో గోడలు కొన్ని పడకుండా నిలిచిన గుమ్మటం ఇప్పటికీ అలాగే ఉంది. మ్యూజియంలో తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిల్ ఒకటుంది. దాన్ని తొక్కుతూ ఆడుకుంటున్న పిల్లాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. తండ్రి బిడ్డతోపాటే సైకిల్‌నూ పెరట్లో పూడ్చిపెట్టాడు. నలభై ఏళ్లకు తవ్వి తీసి మ్యూజియానికిచ్చాడు. ఆ అద్దం ముందు కాసేపు నిలబడదామంటే వెనక నుంచి జనం తోపులాట. హిరోషిమాతో చిక్కంతా ఇదే.

మనవళ్లు వెంట ఉంటే ఇంట్లోనే కాగితం కొంగలు మడిచి తీసుకెళ్లండి. బాంబు తాలూకు రేడియేషన్ సోకి, నయమవ్వాలని కాగితం కొంగలు మడుస్తూ పన్నెండేళ్లకే పోయిన సడాకో అనే పిల్ల స్మారకం దగ్గర పెట్టొచ్చు. నది పక్కన 2023లో పెట్టిన గాంధీ విగ్రహం కూడా ఉంది. మనవాళ్లంతా అక్కడ ఫొటో దిగుతారు, మేమూ దిగాం.

నాగసాకి మీద బాంబు పడింది ఆగస్టు 9, 11:02కి. అసలు గురి కొకురా. అక్కడ కింద ఊరు సరిగా కనపడక విమానం ఇటు తిరిగింది. నాగసాకి పార్కులో అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద విగ్రహం, నిజం చెప్పాలంటే, నాకు అంతగా పట్టలేదు. పార్కుకు అటు చివర ఫౌంటెన్ ఉంది. ఒళ్లు కాలి నీళ్లు నీళ్లంటూ ప్రాణం వదిలినవాళ్ల కోసం 1969లో కట్టారు. ముందున్న రాతి మీద ఒక తొమ్మిదేళ్ల పిల్ల మాటలు చెక్కారు: దాహానికి తాళలేకపోయిందట, నీళ్ల మీద నూనె లాంటిదేదో తేలుతున్నా అలాగే తాగేసిందట.

మా ఆవిడది కళ్యాణదుర్గం వైపు పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం బిందెతో రెండు మైళ్లు నడిచిన మనిషి. నేను తెలుగులో చెప్తుంటే వింటూ చేతిలో నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ ఉండిపోయింది. "మళ్లీ చెప్పండి" అంది. రెండోసారి చెప్పాక మూత తీసి, కాసిన్ని నీళ్లు ఆ రాతి పక్కన వంచింది.