ఆ “రెజొనెన్స్ ఫ్రీ ఎనర్జీ” కిట్ కొనకండి

రెజొనెన్స్‌తో, అంటే కాయిల్, కెపాసిటర్ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర కలిసి ఊగడంతో, ఇచ్చినదానికంటే ఎక్కువ పవర్ వస్తుందని చెప్పి ఇన్‌స్టాలో అమ్ముతున్న ఆ కిట్‌కి ఎవరూ డబ్బు కట్టకండి. ₹8,500 గుంజుకుని ఇచ్చేది ఒక కాయిల్ (తీగ చుట్ట), ఒక కెపాసిటర్ (ఛార్జ్ దాచుకునే భాగం), వాటికి కరెంటిచ్చే చిన్న డ్రైవర్ బోర్డు, “స్టార్టింగ్‌కి మాత్రమే” అనే 12 వోల్టుల అడాప్టర్. వాపసు లేదు.

వీడియోలో అమ్మేవాడు చూపించే లెక్క ఇదీ. 10 మిల్లీహెన్రీ కాయిల్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 1 వోల్టు ఇస్తాడు. కాయిల్ రెసిస్టెన్స్ 10 ఓమ్స్, కాబట్టి 0.1 ఆంపియర్ పారుతుంది. కెపాసిటర్ మీద 32 వోల్టులు వస్తాయి, అది నిజమే. ఆ 32ని 0.1తో గుణించి “0.1 వాటు ఇస్తే 3.2 వాట్లు” అంటాడు. పచ్చి మోసం! ఆ వోల్టేజీకీ కరెంటుకీ మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది, అంటే ఒకటి పీక్‌లో ఉన్నప్పుడు రెండోది సున్నా; అందుకే రెంటినీ నేరుగా గుణిస్తే వచ్చేది వాడుకునే పవర్ కాదు. శక్తి కాయిల్‌కీ కెపాసిటర్‌కీ మధ్య ఊగుతుందే గానీ కొత్తగా పుట్టదు. ఇచ్చిన 0.1 వాటు కాయిల్ వేడికే సరిపోతుంది.

పవర్ వాడుకునే లోడ్‌గా నేను కెపాసిటర్‌కి అడ్డంగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టగానే 32 వోల్టులు కాస్తా 3 దగ్గరికి పడిపోయాయి. లోపలికి సుమారు 9 మిల్లీవాట్లు, లోడ్‌కి 8. ఈ రీడింగులు ఫొటో తీసి అమ్మేవాడికి పంపితే వచ్చిన జవాబు: “మీకు నమ్మకం లేదండీ. నెగెటివ్ మైండ్ ఉన్నోళ్ల చేతిలో ఇది పనిచేయదు.” ఆ వెంటనే బ్లాక్. డబ్బు తీసుకునేటప్పుడు లేని ఈ షరతు రెసిస్టర్ పెట్టాకే ఎందుకొచ్చింది?

మైకు స్పీకర్ ముందు పెడితే కూత దానంతటదే పెరుగుతుందిగా, ఇదీ అంతే అని వాడి ఇంకో వాదన. అక్కడ పెంచేది ఆంప్లిఫయర్ పవర్ సప్లై. తిరిగొచ్చే సౌండ్‌కి మొత్తం గెయిన్ (ఒక చుట్టులో ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది) 1 దాటి, ఫేజ్ కలిసిన, అంటే తిరిగొచ్చిన అల అసలు అలతో తాళం కలిసిన ఫ్రీక్వెన్సీ దగ్గర కూత లేస్తుంది, సప్లై వోల్టేజీ హద్దు తగిలి క్లిప్ అవుతుంది, ఇక పెరగదు. ప్లగ్ పీకితే కూత ఉండదని మైక్‌సెట్ కుర్రాళ్లందరికీ తెలుసు.

వీడియోలో అడాప్టర్ పీకాక కూడా ఎల్‌ఈడీ వెలగడం బోర్డు మీది 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పని. 12 వోల్టుల దగ్గర అందులో ఉండేది 0.34 జౌల్. 20 మిల్లీవాట్ల ఎల్‌ఈడీకి పది, పదిహేను సెకన్లు. వీడియో సరిగ్గా అక్కడే కట్ అవుతుంది.

డ్రైవ్, అంటే లోపలికిచ్చే వోల్టేజీ, పెంచమంటే అస్సలు పెంచకండి. 12 వోల్టులు ఇస్తే కెపాసిటర్ మీద 380 దాకా లేస్తుంది, కిట్‌లో ఇచ్చింది 100 వోల్టుల వరకే తట్టుకునేది. ఇప్పటికే కట్టినవాళ్లు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.