రోహిణి కార్తెలో గోడల పూత: మా కాంట్రాక్టరుకు నా మార్కులు

మా ఇల్లు రాజమహేంద్రవరంలో 1994లో కట్టినది. పడమటి వైపు బయటి పూత పెచ్చులూడి, వానాకాలంలో లోపలి గోడ చెమ్మగిల్లుతుంటే, 2025 వేసవిలో నాలుగు వైపులా పాత పూత చెక్కించి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాం. కాంట్రాక్టరు పేరు రాయను. మనిషి చెడ్డవాడు కాదు, పైగా నాకు ఇంకా ఒక గోడ బాకీ ఉన్నాడు. అయిదుకు రెండున్నర మార్కులు వేస్తున్నాను. పోయిన రెండున్నరలో ఒకటి మా తెలివితక్కువకే పోయింది.

ముందు మంచి చెప్పాలి. మనుషులు రోజూ ఏడింటికల్లా పనిలో ఉండేవారు. పరంజా గట్టిగా కట్టారు. చెక్కిన పాత పూత పెచ్చులు ఏ రోజువి ఆ రోజు ఎత్తించారు. మూలలు దారానికి కట్టిన గుండు వేలాడదీసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కిటికీల చుట్టూ తీసిన పట్టీలు చూసి ఎదురింటివాళ్ళు ఫోను నంబరు అడిగారు. ఇవ్వబోయి ఆగాను, అప్పటికి గోడ ఆరలేదు.

అసలు తప్పు మాట్లాడుకునే రోజే జరిగింది. ఇద్దరిని పిలిచాం. సామానుతో సహా ఒకరు చదరపు అడుగుకు 74 రూపాయలన్నారు, ఈయన 62 అన్నాడు. మా వారు వెంటనే 62కు తలూపారు. ఆ 74 అడిగిన పెద్దాయన గోడను తాపీ పిడితో కొట్టి చూసి, కుళాయి ఎక్కడుందని అడిగి, "నీళ్ళెవరు కొడతారమ్మగారూ?" అన్నాడు. చాదస్తం అనుకున్నాం. ఈయన అవేవీ అడగలేదు, బయానా అడిగాడు. 40,000 ఇచ్చాం. చేతిలో కాగితం ముక్క లేదు. ఎన్ని పాళ్ళు, ఎంత మందం, ఎన్ని పొరలు, తడపడం ఎవరి పని, కొలత ఎలా అన్నవేవీ రాసుకోలేదు. అడుగు రేటు ఒక్కటే ఖాయం చేసుకుని, దానితో అన్నీ ఖాయమయ్యాయని నమ్మాం.

నేను ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు స్టోర్సు చూసిన మనిషిని. లెక్క చూడకపోతే నాకు నిద్ర పట్టదు. బయటి గోడకు మామూలుగా 20 మిల్లీమీటర్ల మందం, ఒకటికి నాలుగు పాళ్ళు, అంటే ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు ఇసుక అంటారు. మా గోడలు 1,400 చదరపు అడుగులు, అంటే 130 చదరపు మీటర్లు. ఆ మందానికి తడి మాలు, అంటే నీళ్ళతో కలిపిన సిమెంటు, ఇసుక ముద్ద, 2.6 ఘనపు మీటర్లు. పొడిగా ఉన్నప్పుడు దానికి మూడో వంతు ఎక్కువ కావాలి, దాదాపు మూడున్నర. అందులో అయిదో వంతు సిమెంటు. బరువు కడితే వెయ్యి కిలోలు, 20 బస్తాలు. ఇటుకల సందుల్లోకి పోయేది, కింద రాలేది దీనికి అదనం. పని అయ్యాక మెట్ల కింద ఖాళీ బస్తాలు లెక్కపెట్టాను. పదిహేను. కాంట్రాక్టరును అడిగితే, "ఒకటికి నాలుగేనమ్మా, మీ ఇంటికి మోసం చేస్తానా?" అన్నాడు. పదిహేను బస్తాలకు ఒకటికి నాలుగు కావాలంటే నా గోడ మందం తగ్గాలి. మందం ఉంటే పాళ్ళు ఆరుకు చేరాలి. రెంటిలో ఏదో ఒకటి ఒప్పుకోమన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆయన మనుషులు సిమెంటును బస్తా లెక్కన వేసేవారు, ఇసుకను తట్టల లెక్కన. ఒక తట్ట తలకొట్టి, ఇంకొకటి గుట్టగా. 50 కిలోల బస్తా సిమెంటు 35 లీటర్ల కొలత. ఆ కొలతకే ఒక చెక్కపెట్టె కొట్టించి ఇసుక దానితో పోయమంటే ఈ గొడవ ఉండదు. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది.

ఇసుక మాత్రం నేనే పరీక్షించాను. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితమే గానీ, రవాణా, ఎత్తుడు ఖర్చులు కలిసి చివరికి రేటులోకే చేరతాయి. గోదావరి ఒడ్డున ఉన్నాం కదా, ఇసుకకు వంక ఉండదనుకోకండి. ఉప్పు కలిపిన నీళ్ళు గాజు సీసాలో పోసి, ఇసుక వేసి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది వంతులు దాటితే ఆ లారీని వెనక్కి పంపాలి. ఆవకాయ కోసం కడిగి ఆరబెట్టిన సీసా దీనికి వాడానని మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఇసుక నెగ్గింది.

ఇక ఎండ. పని మే చివరి వారంలో పడింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని చిన్నప్పటి నుంచి వింటూనే, గోడకు అది వర్తించదనుకున్నాం. పడమటి గోడను మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. పొద్దున కలిపిన మాలు గట్టిపడుతుంటే నీళ్ళు చల్లి మళ్ళీ కలిపారు. సిమెంటు అరగంట దాటాక ఎప్పుడైనా బిగుసుకోవడం మొదలుపెట్టవచ్చు, ఆ ఎండలో ఇంకా తొందర పడుతుంది. బిగుసుకోబోయే మాలును నీళ్ళతో మెత్తబరిస్తే చేతికి లొంగుతుంది గానీ గోడను పట్టుకోదు. ఆ పైన త్వరగా నున్నబడాలని పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దారు. సాయంత్రానికి అద్దంలా మెరిసింది. నేనూ మురిసిపోయాను.

మర్నాడు నీళ్ళు కొట్టేవాళ్ళు లేరు. ఫోను చేస్తే, "తడుపుకోవడం ఇంటివాళ్ళ పనేనమ్మా" అన్నాడు. మేము ఆయన పని అనుకున్నాం. ఈ వాదనలో రెండు రోజులు గోడ ఎండింది. కొత్త పూత కనీసం ఏడు రోజులు తడిగా ఉండాలి, మేము వాడిన, బూడిద కలిసిన పీపీసీ రకం సిమెంటుకైతే పది. మూడో రోజు మా వారు పైపు పట్టుకున్నారు, నేను గోనెపట్టాలు కట్టాను. పదో రోజుకల్లా రంగు వేసేద్దామని కాంట్రాక్టరు తొందరపెట్టాడు. పూత నాలుగు వారాలన్నా ఆరాలని రంగుల దుకాణంలో చెప్పారు కాబట్టి అదొక్కటి ఆపగలిగాను.

జులై వానలకు పడమటి గోడ మీద సాలెగూళ్ళలా సన్న నెర్రెలు లేచాయి. స్తంభానికి, ఇటుక గోడకు మధ్య మాత్రం గీత గీసినట్టు నిలువునా చీలింది. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు. ఆ కీలు మీద కోళ్ళగూళ్ళకు కొట్టే ఇనుప జాలీ అటూ ఇటూ జానెడులోపు పరిచి మేకులు కొట్టి, స్తంభానికి గాట్లు పెట్టి, అప్పుడు పూత వేయాలి. మా ఇంట్లో జాలీ కనిపించలేదు. నాణెంతో కొడితే గోడ చాలా చోట్ల డొల్లగా మోగింది. కాంట్రాక్టరు వచ్చి పుట్టీ పూస్తానన్నాడు. వద్దన్నాను.

కొలత దగ్గర ఇంకో పేచీ. అయిదు కిటికీలనూ తీసివేయకుండా 1,440 అడుగులు కట్టాడు. అర చదరపు మీటరు లోపు ఖాళీలను తీసివేయకూడదని ప్రభుత్వ ప్రామాణికంలోనే ఉంది. మా కిటికీలు అంతకన్నా పెద్దవి, పదహారేసి చదరపు అడుగులవి. పక్క అంచుల పూతకు సగం వదిలి, సగం తీసివేసి, 1,400 దగ్గర రాజీపడ్డాం. ఇది మొదటిరోజు కాగితం మీద ఉంటే రెండు గంటల గొంతునొప్పి తప్పేది. మొత్తం 86,800లో 75,000 ఇచ్చి, 11,800 ఆపాను. నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

పడమటి గోడ మళ్ళీ పూయించడానికి నవంబరులో ఆ 74 రూపాయల పెద్దాయన దగ్గరికే వెళ్ళాం. ఒక్క గోడే కాబట్టి 78 అడిగాడు. కిక్కురుమనకుండా ఒప్పుకున్నాం. ముందురోజు సాయంత్రమే గోడ తడిపించాడు. పొద్దున నీడ ఉన్నంతసేపే పడమటి వైపు పని, ఎండ తిరగగానే కిందికి దిగేవాడు. బస్తాకు మించి ఒకేసారి కలపనివ్వలేదు. మొదటి పొర వేసి, తడి మీదే గీతలు గీసి, దాన్ని తడుపుతూ ఉంచి, తరవాత పలచగా రెండో పొర. కిటికీ పైన సజ్జకు అడుగున, అంచు పక్కనే వేలెడు గాడి తీశాడు. ఎందుకంటే, "వాన నీరు గోడదాకా పాకకుండా ఇక్కడే జారిపోతుందమ్మగారూ" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ సజ్జ కింద చెమ్మ మచ్చ ఎందుకుందో అప్పుడు తెలిసింది. 380 అడుగులకు 29,640 అయింది. మొదట మేము మిగిల్చామనుకున్నది 16,800.

మొన్న పాత కాంట్రాక్టరు ఫోను చేసి, ఆపిన డబ్బు సంగతి అడిగాడు. ఉత్తరపు గోడ స్తంభం దగ్గర కూడా గీత కనిపిస్తోందని చెప్పాను. జాలీ వేసి బాగు చేస్తాను, సంక్రాంతి వెళ్ళాక వస్తానన్నాడు. ఈసారి ఖాళీ బస్తాలు నా ముందే లెక్కపెట్టాలన్నాను. "మీరు స్టోర్సులో చేశారటగా అమ్మా" అన్నాడు. ఎవరు చెప్పారో మరి.