పాత సెడాన్, సాలూరు ఘాట్: 60 వేల కిలోమీటర్ల తర్వాత

మా అమ్మ లెక్కలో మా కారంత మంచి కారు లోకంలో లేదు. వెనక సీట్లో కూర్చుంటే ఉయ్యాల్లో ఉన్నట్టుంటుంది అంటుంది. ఆ ఉయ్యాలే నా బాధ. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా హాయిగానే ఊగుతుంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలవగానే ప్రతి మలుపుకీ ఒక పక్కకి ఒరిగి, లేచి, మళ్లీ రెండో పక్కకి ఒరిగేది. మా అత్తవారిది ఒడిశా జయపురం. నెలకోసారైనా ఆ దారిన వెళ్లక తప్పదు. సుంకి చేరేలోపు మా చిన్నాడికి కనీసం ఒక ప్లాస్టిక్ కవరు కావాల్సి వచ్చేది.

కారు 2011 మోడల్ పెట్రోల్ సెడాన్. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాటంతా దాని మీదికే పోతుంది. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జారు కలిసిన నిలువు కాలు), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే ఇనప దూలం), మెత్తటి స్ప్రింగులు, 185/65 ఆర్15 సైజు టైర్లు. ఆ తరం ఫ్యామిలీ సెడాన్లు చాలావరకు ఇదే బాపతు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మలుపుల్లో ఈ ఒరుగు మాన్పించాలన్న పిచ్చి పట్టేనాటికి మీటరు లక్షా పదివేలు దాటింది. ఆ తర్వాత నాలుగేళ్లలో మరో 60 వేలు తిరిగింది. ఆ పిచ్చికి అయిన మొత్తం ఖర్చు 52 వేలు. అందులో ఓ అయిదు వేలు నా తొందరపాటుకి నేనే కట్టుకున్న జరిమానా.

ముందు ఆ జరిమానా సంగతి. కారు ఒరుగుతోందంటే స్ప్రింగులు మెత్తగా ఉన్నాయని కదా అనుకుంటాం. ఒక యాక్సెసరీస్ షాపులో స్ప్రింగ్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చూపించారు. నాలుగూ కలిపి 3,200. అరగంటలో పెట్టేశారు. ఇంటికొచ్చేటప్పుడే కారు ఎత్తుగా, బిగుతుగా అనిపించింది. ఒరగడం నిజంగానే తగ్గింది. రెండు రోజులు తెగ సంబరపడ్డాను.

మూడో రోజు అమ్మని గుడికి తీసుకెళ్లాను. కోట దాటేలోపే "ఏటిరా, ఎడ్లబండి ఎక్కించావా?" అంది. నిజమే. బఫర్ ఇరికించిన చోట స్ప్రింగు పూర్తిగా ఆడదు. చిన్న గతుకు కూడా నేరుగా బాడీకి తగులుతుంది. ఘాట్‌లో అసలు గుట్టు బయటపడింది. మలుపు మధ్యలో రోడ్డు నున్నగా ఉంటే సరే, గతుకు తగిలితే మాత్రం చక్రం నేలని వదిలి పక్కకి గెంతేది. ఒరగకపోవడం వేరు, పట్టు ఉండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. అయిదు నెలలు ఓర్చుకుని తీయించేశాను.

అసలు భయం మాత్రం వాన రోజున పుట్టింది. జయపురం నుంచి తిరిగి వస్తున్నాం. సుంకి దాటి దిగుతున్నాం, సెకండ్ గేర్, స్పీడు 30 కూడా ఉండదు. ఎడమ మలుపులో స్టీరింగ్ తిప్పాను. చేతులు తిరిగాయి, చక్రాలూ తిరిగాయి, కారు మాత్రం తిరగలేదు. ముక్కు నిటారుగా ఎదుటి లైన్లోకి జారింది. కింది నుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కుతోంది. ఆ డ్రైవరు పుణ్యాత్ముడు, ముందే ఆపేశాడు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కొంచెం వెనక్కి తీశాక పట్టు దొరికింది. మా ఆవిడ ఆ తర్వాత సాలూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడే మా మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఈయన కుర్రతనంలో సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నాడు. సాలూరంటే లారీల ఊరు కాబట్టి ఆ చదువు గట్టిదే. బానెట్ తీయలేదు, ఇంజన్ స్టార్ట్ చేయమనలేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాశాడు. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. నన్నూ రాయమన్నాడు. ఒక వైపు రాస్తే నున్నగా ఉంది, రెండో వైపు రాస్తే రంపం పళ్లలా గుచ్చుకుంది.

"అలైన్‌మెంట్ తప్పింది బాబూ. చక్రం దొర్లట్లేదు, ఈడ్చుకుపోతోంది" అన్నాడు. తర్వాత టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. 2213. అంటే 2013లో 22వ వారంలో తయారైన టైరు. గాడి ఇంకా లోతుగానే ఉందని నేను దాని జోలికి పోలేదు. గోరుతో నొక్కితే గుంట పడాల్సిన రబ్బరు, పలకలా ఉంది.

"స్ప్రింగేటి చేసీసింది బాబూ, దాన్నేటీ అనకండి. ఇది రోగం కాదు, ముసలితనం. రబ్బరన్నదల్లా ఎండిపోయింది." చక్రాన్ని బాడీకి కలిపే కింది చెయ్యి లోయర్ ఆర్మ్, అది బాడీకి తగిలే చోట ఉండే రబ్బరు దిండ్లు బుష్షులు. ఆ బుష్షుల్లో సన్నటి ఇనప కడ్డీ పెట్టి ఎత్తితే ఆర్మ్ మొత్తం వేలెడు దూరం కదిలింది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం కంటే ముందు ఈ రబ్బరు నలిగి, ఆ తర్వాత కారు తిరుగుతోందన్నమాట. ఒరగడం అని నేననుకున్న దాంట్లో సగం ఈ ఆలస్యమే.

పని మూడు విడతల్లో చేయించాను, జీతం డబ్బులు కాబట్టి. మొదట టైర్లు. వాన రోజు గుర్తుండగా ఇంకో ఆలోచన రాలేదు. 185/65కి బదులు 195/60 ఆర్15 వేయించాను. అదే రిమ్‌కి పడుతుంది, టైరు మొత్తం ఎత్తు సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే ఒక శాతం. స్పీడోమీటరు పెద్దగా అబద్ధమాడదు. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు 120 నుంచి 117 మిల్లీమీటర్లకు వస్తుంది. చెప్పుకోదగ్గ తేడా కాదు. షాపతను 16 అంగుళాల అల్లాయ్‌లు పెట్టమని బాగా ఊరించాడు. మా వైపు గుంతల్లో పల్చటి సైడ్‌వాల్ ఉంటే రిమ్ము వంకర పోవడానికి ఒక వానాకాలం చాలు. వద్దన్నాను. నిజం చెప్పాలంటే మొత్తం మార్పులో సగం పేరు ఈ టైర్లకే పోవాలి. సైజుకి కాదు, కొత్త రబ్బరుకి.

రెండో విడత, షాకబ్జార్లు నాలుగూ, ముందు వైపు స్ట్రట్ మౌంట్లు (స్ట్రట్ పై కొసని బాడీకి పట్టి ఉంచేవి). బానెట్ మూల నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి. నాది మూడుసార్లు తలూపేది. ఇక్కడ ఒక మాట. షాకబ్జారు మారిస్తే కారు తక్కువ ఒరుగుతుందని చాలామంది చెబుతారు. పొడవాటి మలుపులో ఎంత ఒరగాలో తేల్చేది స్ప్రింగులు, స్టెబిలైజర్ బారు (ఎడమ, కుడి చక్రాల వైపులని కలిపి ఒరుగుని అడ్డుకునే ఇనప కడ్డీ). షాకబ్జారు తేల్చేది ఆ ఒరగడం ఎంత వేగంగా, ఎంత కుదుపుతో జరగాలన్నది. అందుకే నేషనల్ హైవే పెద్ద మలుపుల్లో నాకు తేడా తెలియలేదు. ఘాట్‌లో ఒక మలుపు నుంచి వెంటనే రెండో మలుపులోకి వాలేటప్పుడు మాత్రం కారు మారిపోయింది. ముందు ఒకటికి రెండుసార్లు ఊగేది, ఇప్పుడు ఒకసారి వాలి కుదురుకుంటుంది. స్పోర్ట్స్ రకం షాకబ్జార్లు దొరుకుతాయి కానీ కంపెనీవే పెట్టించాను. మా అమ్మ వెనక సీటు హక్కు పోగొట్టే ధైర్యం రెండోసారి చేయలేదు.

మూడోది బుష్షుల పని. ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం లెక్కకు అందనంత. కానీ ఇక్కడే రెండో దెబ్బ తిన్నాను. బాబాయ్ ఊళ్లో లేడని ఇంకో వర్క్‌షాపులో లోయర్ ఆర్మ్ బుష్షులు వేయించాను. ఎనిమిది నెలలకే చిరిగిపోయాయి. డూప్లికేట్ అంటగట్టారేమో అనుకున్నాను. బాబాయ్ చూసి, సామాను మంచిదే, బిగింపు తప్పు అన్నాడు. కారుని లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. తర్వాత కారు కిందికి దిగి బరువు పడగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరుగుతుంది. రోజంతా, నిలబెట్టిన చోట కూడా, ఆ మెలికలోనే ఉంటుంది. ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది పాపం.

ఈసారి ఆయన బోల్టులు వదులుగా పెట్టి, కారుని గుంత మీద చక్రాలపై నిలబెట్టి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, కింద నుంచి బిగించాడు. టక్, టక్ మని రెంచి చప్పుడు పాదాల కింద వినిపించింది. ఆ బుష్షులు ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు వచ్చాయి. బుష్షులు మార్పించే వాళ్లెవరైనా సిగ్గుపడకుండా ఈ ఒక్కటీ అడగండి: బరువు మీద బిగిస్తున్నారా, లేదా అని.

అదే రోజు స్టెబిలైజర్ బారు కొసల్ని చక్రాల వైపు కలిపే లింక్ రాడ్లు, ఆ బారుని పట్టుకునే రెండు రబ్బర్లు కూడా మార్చాడు. ఆ రెండు రబ్బర్లు కలిపి 380 రూపాయలు. ఇంత ఖర్చులో ఇంత చవకగా ఇంకేదీ పనిచేయలేదు. మలుపు మొదట్లో వచ్చే ఆ మొదటి ఒరుగు తగ్గింది, స్పీడ్ బ్రేకర్ దగ్గర టకటక చప్పుడూ పోయింది. బారు వదులుగా ఉంటే అది పని మొదలెట్టేలోపే కారు సగం ఒరిగిపోతుంది కదా.

మరి లావు బారు వేస్తే? నాకూ ఆశ పుట్టింది. బారు గట్టిదనం దాని లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల దాన్ని 24 చేస్తే కనబడే తేడా రెండే, గట్టిదనం మాత్రం 40 శాతం పైగా పెరుగుతుంది. కానీ ముందు చక్రాలు లాగే కారులో ముందు బారు మాత్రమే లావు చేస్తే ముక్కు ఇంకా బయటికి జారుతుంది. నన్ను భయపెట్టిందే ఆ జారుడు. వెనక్కి సరిపడేది నా మోడల్‌కి దొరకలేదు. పైగా రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఫిట్‌నెస్ చూపించాల్సిన వయసు కారు, కంపెనీ కొలతలు దాటి మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. అక్కడితో ఆపాను.

చివర్లో వీల్ అలైన్‌మెంట్. దీన్ని చివర్లోనే చేయించాలి. టైర్లు వేసిన రోజున ఒకసారి చేయిస్తే, ఆర్మ్‌లు విప్పగానే ఆ డబ్బు నీళ్లపాలైంది. నా కారులో సర్దగలిగేది ముందు చక్రాల టో, అంటే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే. వెనక బీముకి సర్దుబాటు లేదు.

గాలి గురించి: కంపెనీ స్టిక్కరు 30 పీఎస్‌ఐ అంటుంది. 36 పెట్టి చూశాను, స్టీరింగ్ చురుగ్గా ఉంది కానీ అమ్మ మళ్లీ ఎడ్లబండి అంది. ముందు 33, వెనక 32 దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. సాలూరు దాకా వెళ్లి వేడి మీద కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు.

ఇన్ని చేశాక కూడా ఇది స్పోర్ట్స్ కారు కాదు. ఇప్పటికీ ఒరుగుతుంది. స్టీరింగ్‌లో రోడ్డు కబురు పెద్దగా తెలియదు. అత్తవారింటి నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడితే వెనక భాగం బద్ధకిస్తుంది. మలుపులో 40తో వెళ్లేవాడు 50తో వెళ్తే పక్కకి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దాన్ని ఏ బుష్షూ మోయదు. ఇప్పుడు మలుపుకి ముందే బ్రేక్ వేసి, లోపల స్టీరింగ్ ఒకే తిప్పుడు తిప్పుతున్నాను. మొన్న పొట్టంగి దగ్గర టీకి ఆగినప్పుడు మా ఆవిడ, "కారు మారిందా, మీరు మారారా?" అంది. కవరు విప్పకుండానే మా చిన్నాడు పకోడీ అడిగాడు కాబట్టి నేనేమీ వాదించలేదు.

ఆ నాలుగు బఫర్లూ పారేయడానికి మనసు రాలేదు. వాషింగ్ మెషీన్ కాళ్ల కింద పెట్టాం. అక్కడ మాత్రం బాగా పనిచేస్తున్నాయి.