గాజు బంగారం, లైటు శని: పది రెట్ల చేతి లెన్స్ రెండున్నరేళ్ళ తర్వాత

ఈ లెన్స్‌కి లైటు ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అంతుబట్టలేదు. కంసాలికి పనికొస్తుందేమో. నేరేడు కుటుంబం చెట్లను గుర్తుపట్టాలనుకునేవాళ్ళకి మాత్రం లైటు ఉండాల్సింది లెన్స్ పక్క కాదు, ఆకు వెనక.

పది రెట్లు, మూడు గాజుముక్కలు అతికించినది, 21 మిల్లీమీటర్ల వెడల్పు, చుట్టూ ఆరు చిన్న ఎల్‌ఈడీలు. మిగతావి డబ్బా మీదే రాసి ఉంటాయి, వదిలేస్తున్నా.

ముందు ఈ పనిలో లెన్స్ ఎక్కడ అవసరమో చెప్పాలి. నేరేడు చెట్టు గుర్తులివి: జతలుజతలుగా ఎదురెదురు ఆకులు, రంపపు పళ్ళు లేని అంచు, తోలులా మందం, పైన నిగారింపు. పడమటి కనుమల తడి అడవిలో ఇలాంటి ఆకులున్న చెట్లు సవాలక్ష. పొన్న, గార్సీనియా అయితే గిల్లగానే పాలు కారతాయి, అక్కడితో తేలిపోతుంది. చిక్కంతా అల్లి జాతితోనే, అంటే మెమిసైలాన్‌తో. పాలు రావు, ఆకు అచ్చం సిజీజియం, అంటే నేరేడు జాతి, లాగే ఉంటుంది. పువ్వు దొరికితే కేసరాలు లెక్కపెట్టొచ్చు: అల్లికి ఎనిమిదే, నేరేడు వాటికి లెక్కలేనన్ని. పువ్వు లేని నెలల్లో ఆకే గతి. పోనీ ఎదురెదురు ఆకులే గుర్తు అనుకుందామా అంటే, మన శేషాచలం కొండల్లోని మొగి చెట్టు సిజీజియమే అయ్యుండీ ఆ నియమం తప్పుతుంది. దాని శాస్త్రీయ నామంలోనే ఆల్టర్నిఫోలియం అని ఉంది, అంటే ఆకులు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటిగా ఉన్నదని. ముదిరిన యూకలిప్టస్ ఆకులూ అంతే, బాటిల్‌బ్రష్ ఆకులూ అంతే. కాబట్టి చివరికి తేల్చేది ఆకు లోపలి తైల గ్రంథులే.

ఆ గ్రంథులంటే ఆకు కండలో నూనె నిండిన చిన్న చిన్న గదులు. అక్కడ పచ్చదనం ఉండదు కాబట్టి వెలుతురు ఆకు వెనకనుంచి వస్తే సూదితో పొడిచినట్టు మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి. ఈ లెన్స్‌లోని ఎల్‌ఈడీలు ముందునుంచి కొడతాయి. నున్నటి ఆకు మీద పడిన ఆ వెలుతురు లోపలికి పోకుండా తిరిగి కంట్లోకే వస్తుంది. ఘోరం ఏమిటంటే, ఆరు దీపాల ప్రతిబింబాలూ ఆరు తెల్లచుక్కలై ఆకు మీదే కూర్చుంటాయి. కొత్తవాళ్ళు వాటినే గ్రంథులని మురిసిపోతారు. ఆకును కొంచెం కదిలించండి: చుక్కలు ఆకుతోపాటు జరిగితే గ్రంథులు, ఉన్నచోటే ఉంటే లైటు.

అందుకని స్విచ్ కట్టేసి వాడితేనే ఇది లెన్స్. లెన్స్‌ని కంటికి ఆనించి, ఆకును రెండున్నర సెంటీమీటర్ల దాకా దగ్గరికి తెచ్చుకోవాలి. తెరిచి ఉన్న ఆకాశం వైపు తిరగాలి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు, కన్ను పోతుంది. చెట్టు కింద చీకటిగా ఉంటే ఫోన్ టార్చి వెలిగించి, దాని మీద తెల్లకాగితం ముక్క, ఆ పైన ఆకు, ఆ పైన లెన్స్. కాగితం లేకపోతే టార్చి ఒక్కచోటే భగ్గున మెరిసి చుట్టూ నల్లగా అయిపోతుంది. నడిమి ఈనెకీ అంచుకీ మధ్య, పక్క ఈనెలు తగలని చోటు చూడాలి. బెంగళూరు రోడ్డు పక్క చెట్టయితే ముందు తడిగుడ్డతో రెండువైపులా తుడవాలి, దుమ్ము చుక్కలు కూడా మోసమే. ఆకు మరీ మందమైతే అడుగువైపు సగం బ్లేడుతో మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర పైపొర గీకేస్తే వెలుతురు దిగుతుంది.

అనుకోకుండా కలిసొచ్చింది ఒకటి. లాల్‌బాగ్ తోటలో ఆకు కోయకూడదు, కాబట్టి కింద రాలినవే దిక్కు. తీరా చూస్తే పండి పసుపుబారి రాలిన ఆకులోనే గ్రంథులు పచ్చి ఆకులోకన్నా తేటగా కనిపిస్తాయి. పచ్చదనం దిగిపోయాక అడ్డు లేదు మరి. అయితే అది ఏ చెట్టుదో కొమ్మ వైపు చూసి ఖాయం చేసుకోవాలి. నేరేడు ఆకుల మీద ఒక చిన్న పురుగు గుంటలు, బుడిపెలు చేస్తుంది. అవి అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, వేలికి తగులుతాయి. గ్రంథులు ఆకంతా సమానంగా పరుచుకుని ఉంటాయి.

గాజు విషయంలో నాకు పేచీ లేదు. స్కేలు గీతలు అంచుదాకా నిటారుగానే కనిపిస్తాయి, రంగుల చారలు లేవు. అంచు వెంబడి పారే ఈనెను కొలవడానికి ఇది బాగా పనికొచ్చింది. నేరేడులో పక్క ఈనెలు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంలో వత్తుగా ఉండి, అంచుకు సుమారు మిల్లీమీటరు లోపలున్న ఈనెలో కలుస్తాయి. పన్నీరు నేరేడులో పక్క ఈనెలు దూరం దూరంగా ఉంటాయి, అంచు ఈనె ఇంకాస్త లోపలికి, రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పారదర్శకమైన స్కేలు ఆకు కింద పెట్టి చదివేయొచ్చు. నగరత్‌పేట సందుల్లో 30 రెట్లు అని చెక్కి అమ్మే చవక లెన్స్‌లతో పోలికే లేదు. నిజంగా 30 రెట్లయితే ఆకు ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గరికి రావాలి. అవి రెండున్నర సెంటీమీటర్ల దగ్గరే తేటగా కనిపిస్తాయి, అంటే పదే. 250ని మిల్లీమీటర్లలో ఆ దూరంతో భాగిస్తే అసలు లెక్క బయటపడుతుంది.

ఇలా మొదటి ఏడాదంతా పొగిడాను. అందులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

పడమటి కనుమల్లోని ఆగుంబె వైపు ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన. రెండో వర్షాకాలం తర్వాత గాజు అంచున పొగమంచు లాంటిది కనిపించింది. తుడిస్తే పోలేదు. పక్కనుంచి టార్చి వేసి చూస్తే ఫెర్న్ ఆకులా కొమ్మలుగా చీలిన సన్నటి దారాలు: బూజు. వాటికి పైన, ఒక మూల, నీళ్ళ మీద నూనెలా రంగుల వలయాలు: అది బూజు కాదు, అతుకు విడిపోవడం. రెండూ ఒకే చోటినుంచి మొదలయ్యాయి, బ్యాటరీ మూత దగ్గరినుంచి. ఆ మూతకి రబ్బరు రింగు లేదు. తడి అందులోంచి దిగింది, లోపలున్న మూడు బటన్ బ్యాటరీలు కారి రాగి రేకుల మీద తెల్లటి పొక్కు కట్టాయి, ఆ తడే గాజు చుట్టూ ఉన్న సందులో నిలిచిపోయింది. లైటు లేని లెన్స్‌కి ఈ దారే లేదు. లెన్స్‌తోపాటు ఇచ్చిన తోలుసంచి ఇంకో తప్పు, తోలు తడిని పట్టి ఉంచుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో గట్టిగా తుడవడం మూడో తప్పు, అది నాదే. ఆల్కహాల్ అంచులోంచి అతుకులోకి పాకితే వలయాలు పెరుగుతాయి. దూదికి ఒక్క చుక్క, గాజు మధ్యలోంచి బయటికి తుడవాలి, అంచు తాకకుండా. అతుకు లోపల చేరిన బూజుకి ఇంట్లో మందు లేదు. అమ్మిన కొట్టతను తడి తగిలింది కాబట్టి వారంటీ రాదన్నాడు, వర్షారణ్యానికి పనికొస్తుందని చెప్పి అమ్మినదాన్నే.

ఇప్పుడు బ్యాటరీలు తీసేసి, మూత మీద ఎలక్ట్రికల్ టేపు చుట్టి, గాలి చొరని డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్‌తో ఉంచుతున్నాను. వలయాలు ఆగాయి.

లైటుకి న్యాయం చెయ్యాలంటే రెండు చోట్ల పనికొచ్చింది. సాయంత్రం అయిదు దాటాక అడవి లోపల పువ్వు చూడటానికి: నేరేడు మొగ్గ విచ్చేటప్పుడు రేకులన్నీ కలిసి టోపీలా ఊడి పడతాయి, ఆ టోపీ కేసరాల మీద ఇంకా ఉందా అన్నది ఈ వెలుతురులోనే దొరికింది. రెండోది హెర్బేరియం షీటు, అంటే ఎండబెట్టిన మొక్కను అతికించి దాచే అట్ట. అతికించిన ఆకు వెనకనుంచి వెలుతురు రాదు కాబట్టి ఎండిన ఆకు అడుగున ఉబ్బిన చుక్కలు చూడాలి, దానికి ఈ లైటు ఏటవాలుగా వేస్తే చాలు.

ఏ లెన్స్ అయినా కుటుంబం దాకా తీసుకెళ్తుంది, జాతి దాకా కాదు. నేరేడుని పాత పుస్తకాలు యూజీనియా జంబొలానా అన్నాయి. యూజీనియా, సిజీజియం వేరని 1972లో ష్మిడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పువ్వు లోపలి నాళాల నిర్మాణం చూపించి గట్టిగా వాదించాడు, ఆ నాళాలు చేతి లెన్స్‌కి అందేవి కావు. పండు దొరికితే మాత్రం గింజ కోసి చూడండి: సిజీజియం పప్పు సాధారణంగా రెండు బద్దలుగా విడుతుంది, యూజీనియాది ఒకే ముద్ద. నర్సరీలో కొన్న సురినామ్ చెర్రీతో సరిపోల్చుకోవచ్చు, అది యూజీనియాయే.

వాన తగలని చోట, బల్ల మీద షీట్లతో పనిచేసేవాళ్ళకి ఇది నేను చెప్పినంత చెడ్డది కాకపోవచ్చు. నాలా జూన్ నుంచి సెప్టెంబరు దాకా కనుమల్లో తిరిగేవాళ్ళయితే ఇదే గాజు లైటు లేకుండా దొరుకుతుందేమో అడగండి. నాది మధ్యభాగం ఇంకా తేటగానే ఉంది, షీట్ల కోసం బల్ల సొరుగులో పడేశాను.