ఇషియామదెరా గుడి ముందు గుల్లల అన్నం: ఏ సరస్సువో అడిగి తినండి

జపాన్‌లో క్యోటో వచ్చి నాలుగేళ్లయినా, ఆ పక్కనే ఉన్న బివా సరస్సు గుల్లలు తినడం మొన్న ఫిబ్రవరిలోనే కుదిరింది. నాది కైకలూరు వైపు. నత్తలు, గుల్లలు నాకు కొత్త కాదు. నాయనమ్మ ఉడకబెట్టిన నత్తల్ని తుమ్మముల్లుతో గుచ్చి లాగుతుంటే పక్కన కూర్చుని మా వాటా లెక్కపెట్టుకునేవాళ్లం.

కెయిహాన్ రైల్లో ఇషియామదెరా చివరి స్టేషన్. అక్కణ్ణుంచి, బివాలోంచి పారే సెటా నది పక్కనే పది నిమిషాలు నడిస్తే గుడి. ఆ చుట్టుపక్కల 'షిజిమి మెషి', అంటే గుల్లల అన్నం పెట్టే హోటళ్లున్నాయి. నేను వెళ్లిన చోట సెట్ 1,900 యెన్లు.

మూత తీయగానే అల్లం, సోయా సాస్ వాసన గుప్పుమంది. గుల్ల మాంసం ఒక్కోటీ శనగబద్దంత. గుల్లలు ఉడికిన నీళ్లతోనే అన్నం వండుతారట, మెతుకు మెతుక్కీ రుచి పట్టింది. కారం లేకుండా ఇంత అన్నం తిన్నానంటే ఇంట్లో నమ్మరు. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు మాత్రం ఉప్పు కషాయం. పైగా ఒక గుల్లలో ఇసుక పళ్ల కింద కరకరలాడింది.

సూపులో గుల్లలు కాస్త నల్లగా, వేరేగా కనిపించి అడిగాను. వడ్డించే పెద్దావిడ దాచకుండా చెప్పింది: అన్నంలోవి ఇక్కడి బివావే, సూపులోవి దూరాన షిమానె వైపు షింజి సరస్సువి. అక్కడి నీళ్లలో సముద్రపు ఉప్పు కలుస్తుంది, ఆ గుల్ల జాతే వేరు. ఇక్కడి గుల్ల 'సెటా షిజిమి', దాని పుట్టిల్లు బివా ఒక్కటే. మెనూలో ఈ ముక్క లేదు, ఈ హోటల్‌కి నేను ఒక స్టార్ తగ్గించింది అందుకే.

ఆవిణ్ణి మాత్రం ఏమంటాం? 1957లో సుమారు 6,000 టన్నులు పట్టిన సరస్సులో ఇప్పుడు ఏడాదికి 100 టన్నులు కూడా దొరకడం లేదు. 1962లో పొలాల్లో చల్లిన కలుపుమందు వానకి సరస్సులోకి కొట్టుకొచ్చి గుల్లలు కుప్పలుగా చచ్చాయి. ఆ తర్వాత ఇసుక తవ్వేశారు. ఈ గుల్లకి ఇసుక నేల కావాలి, బురదలో బతకదు. ఇప్పుడు మళ్లీ అడుగున ఇసుక పోసి, పిల్లగుల్లల్ని వదులుతున్నారు.

తింటే చలికాలంలోనే తినండి, అప్పుడే రుచి. దగ్గర్లోని కుసాత్సు ఊళ్లో బివా సరస్సు మ్యూజియం కూడా చూడండి. వేల ఏళ్ల కిందటి జనం ఇవే గుల్లలు తిని పారేసిన చిప్పల దిబ్బ అక్కడ ఉంది.

అన్నం ఇంకో గిన్నె అడిగాను. ఇవాళ్టికి అయిపోయిందంది. టైము పన్నెండున్నర.