జేబులో పట్టే జూమ్ కెమెరా: 40 రెట్లా, 8 రెట్లా?

రెండు జేబు కెమెరాలను పోల్చి చూద్దాం: 40 రెట్ల జూమ్ ఉన్న కెనాన్ ఎస్‌ఎక్స్740, 8 రెట్ల సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7. చెన్నైలోని పళ్లికరణై చిత్తడినేలలో రాజహంసలు (ఫ్లెమింగోలు) గట్టుకు దూరంగా మేస్తుంటాయి. అక్కడ 200 మి.మీ. జూమ్ చాలదు; ఈ మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరపు పక్షి దగ్గరగా కనిపిస్తుంది.

దూరం: కెనాన్ ఎస్‌ఎక్స్740 జూమ్ 24-960 మి.మీ. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7ది 24-200.

వెలుతురు: అసలు తేడా ఇక్కడే. సోనీ సెన్సార్ (వెలుతురును పట్టే చిప్) విస్తీర్ణం కెనాన్‌కు సుమారు నాలుగు రెట్లు. కెనాన్‌లో జూమ్ చివరికంటా లాగితే వెలుతురు వచ్చే లెన్స్ ద్వారం ఎఫ్6.9కి కుంచించుకుపోతుంది, సాయంత్రమైతే ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) పెరిగి ఈకల గీతలు అలికినట్టవుతాయి. పైగా రా (RAW, కెమెరా మార్చని ముడి చిత్రం) ఫైలు రాదు, సరిదిద్దుకునే వీలు తక్కువ.

పట్టు: కెనాన్‌కు వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే గవాక్షం) లేదు. మిట్ట మధ్యాహ్నం తెర కనబడదు, చాచిన చేతుల్లో 960 మి.మీ. ఊగుతుంది. మోచేతులు పక్కలకు ఆనించి, ఎగిరే పక్షికి షటర్ వేగం 1/1000 సెకను పెట్టండి. సోనీకి పైకి లేచే వ్యూఫైండర్ ఉంది.

బరువు: రెండూ 300 గ్రాముల దరిదాపే.

ధర: సోనీకి రెట్టింపు పైనే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో వాడినది కొంటే జూమ్ పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపి, తెల్లగోడను ఫొటో తీసి మచ్చలు చూడండి. బీచ్ ఇసుక రెండింటికీ శత్రువే.

పగటి పక్షులకు, చంద్రుడికి కెనాన్. గుడి మండపాలకు, పెళ్లిళ్లకు, రాత్రి వీధులకు సోనీ.