ఒకే గెలాక్సీకి వంద దూరాలు: నెడ్ డేటాబేస్ సమీక్ష

గెలాక్సీ దూరం తెలుసుకోవాలనుకునే వారిలో చాలామందికి కావలసింది ఒకే ఒక్క అంకె. అమెరికాలోని పాసడీనాలో కాల్టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐప్యాక్ ఖగోళ కేంద్రం నాసా తోడ్పాటుతో నడుపుతున్న ‘ఎక్స్‌ట్రాగలాక్టిక్ డేటాబేస్’ (మన పాలపుంతకు వెలుపలి వస్తువుల సమాచార నిధి), క్లుప్తంగా నెడ్, ఆ కోరికను తీర్చదు. ఎం31 అని వెతికితే ఆండ్రోమెడా గెలాక్సీకి ఇంతవరకు ప్రచురితమైన దూరాలను, ఒక్కొక్కటి ఏ పద్ధతిలో వచ్చిందో, ఏ పరిశోధనా పత్రంలో ఉందో తెలిపే వివరాలతో సహా వరుసగా చూపిస్తుంది. 1990 నుంచి ఉచితంగా అందుతున్న ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ లక్షణమే.

నెడ్ దూరాలను రెండు భాగాలుగా చూపుతుంది. మొదటిది రెడ్‌షిఫ్ట్ నుంచి లెక్కగట్టినది: గెలాక్సీ వర్ణపటంలోని రేఖలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూసి, దాని నుంచి వేగాన్ని, వేగాన్ని హబుల్ స్థిరాంకంతో (విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తుందో చెప్పే అంకెతో) భాగించి దూరాన్ని రాబడతారు. ఆండ్రోమెడా విషయంలో ఈ లెక్క మొదట్లోనే విఫలమవుతుంది, ఎందుకంటే అది మనకు దూరమవడం లేదు. సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తున్నదని ఖగోళ శాస్త్రవేత్త వెస్టో స్లైఫర్ 1912లోనే కొలిచాడు. ఐదు కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్న ఎం86 సైతం, కన్య గెలాక్సీ గుంపు ఆకర్షణలో వేగంగా కదులుతున్నందువల్ల, మనవైపు వస్తున్నట్టే కనిపిస్తుంది. అదే గుంపులోని ఎం87 వేగాన్ని నెడ్ వాడే హబుల్ స్థిరాంకం 67.8తో భాగిస్తే దాదాపు 19 మెగాపార్సెక్‌లు (ఒక మెగాపార్సెక్ అంటే దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) వస్తాయి, విశ్వమంతటా నిండి ఉన్న కాస్మిక్ నేపథ్య వికిరణం ఆధారంగా వేగాన్ని సవరిస్తే అది ఇంకా పెరుగుతుంది. కాగా నక్షత్రాల కాంతిని బట్టి చేసిన మంచి కొలతలు 16, 17 దగ్గర కూడుతున్నాయి. దగ్గరి గెలాక్సీలకు ఈ మొదటి భాగాన్ని నమ్మకూడదన్న సంగతిని నెడ్ మరింత స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

రెండో భాగం రెడ్‌షిఫ్ట్‌తో సంబంధం లేని దూరాల పట్టిక. అసలు సరుకంతా ఇక్కడే ఉంది. ఒక వస్తువు నిజంగా ఎంత కాంతిని వెదజల్లుతుందో తెలిస్తే, మనకు చేరిన కాంతిని బట్టి దూరం తేలుతుంది, ఎందుకంటే దూరం రెట్టింపైతే ప్రకాశం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ నిజమైన ప్రకాశాన్ని చెప్పగల నక్షత్రాలు సెఫీడ్‌లని, వాటి కాంతి హెచ్చుతగ్గుల వ్యవధి ఎంత ఎక్కువైతే ప్రకాశం అంత ఎక్కువని, మన పొరుగునే ఉన్న చిన్న మెజెలానిక్ మేఘం అనే గెలాక్సీలోని 25 నక్షత్రాలను పరిశీలించి హెన్రియెటా లెవిట్ 1912లో చూపింది. 1923లో మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో సెఫీడ్‌ను గుర్తించి, అది సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందన్నాడు. సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని 1952లో వాల్టర్ బాడె ప్రకటించడంతో గెలాక్సీల దూరాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఆండ్రోమెడాకు నేటి అంచనా సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. నెడ్ పట్టికలో సెఫీడ్‌ల పక్కనే అరుణ మహాతారల గరిష్ఠ ప్రకాశం, ఒకటో-ఎ రకం సూపర్నోవాలు (ఒక రకం నక్షత్ర విస్ఫోటనాలు), సర్పిల గెలాక్సీల భ్రమణ వేగాన్ని ఆధారం చేసుకునే టల్లీ-ఫిషర్ పద్ధతి మొదలైనవి ఉంటాయి. వేర్వేరు భౌతిక సూత్రాల మీద నిలిచిన ఈ పద్ధతులు ఎంతవరకు ఏకీభవిస్తున్నాయో పాఠకుడే సరిచూసుకోవచ్చు.

పట్టిక పైన కనిపించే సగటుతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఒక పత్రం, చాలా కొలతలకు కొలబద్దగా వాడే పొరుగు గెలాక్సీ పెద్ద మెజెలానిక్ మేఘానికి ఒక దూరాన్ని ఆధారంగా తీసుకుంటే, మరో పత్రం మరొకటి తీసుకొని ఉండవచ్చు. పాత కొలతలను, కొత్తవాటిని కలిపి సగటు తీయడమంటే వేర్వేరు ఊళ్ల మానికలతో కొలిచిన ధాన్యాన్ని ఒకే రాశిగా లెక్కించడమే. డౌన్‌లోడ్ చేసుకోదగిన పట్టికలో ఆ ఆధారాలు నమోదై ఉంటాయి కనుక ఓపిక ఉన్నవారు సరిదిద్దుకోవచ్చు గానీ, కొత్తవారికి అది తోచే మార్గం లేదు. అంకెలు మెగాపార్సెక్‌లలో ఉంటాయి. 

బాగా దూరపు గెలాక్సీలకు పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ విడి నక్షత్రాలు కనిపించవు కనుక రెడ్‌షిఫ్టే దిక్కు, పైగా విశ్వ వ్యాకోచంతో పోలిస్తే గెలాక్సీ సొంత కదలిక స్వల్పం. రెడ్‌షిఫ్ట్ 1 ఉన్న గెలాక్సీ కాంతి దాదాపు 800 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి మనను చేరుతుంది. ఈలోగా వ్యాకోచం వల్ల ఆ గెలాక్సీ నేడు దాదాపు 1,100 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. ప్రకాశాన్ని బట్టి లెక్కించే దూరమైతే దానికి రెట్టింపు. మన పత్రికలు ఈ మూడింటినీ తరచూ కలగలిపేస్తుంటాయి, నెడ్ విడివిడిగా చూపుతుంది. హబుల్ స్థిరాంకాన్ని మనమే మార్చుకునే వీలు కూడా ఉంది: 67.8 బదులు, సూపర్నోవా కొలతలు సూచించే 73 వేస్తే దూరాలన్నీ దాదాపు 7 శాతం తగ్గుతాయి. ఏది సరైనదన్న వివాదం ఇంకా తేలలేదు.

డిగ్రీ స్థాయిలో భౌతిక శాస్త్రం చదివేవారికి, సొంత దూరదర్శిని ఉన్న ఔత్సాహికులకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పాఠశాల విద్యార్థులకు మాత్రం పక్కన వివరించేవారు లేకుండా ఇవ్వవద్దు. మొదలుపెట్టడానికి ఆండ్రోమెడా కన్నా ఎం101 అనే సర్పిల గెలాక్సీ మేలు: 2011లో అక్కడ కనిపించిన ఒకటో-ఎ రకం సూపర్నోవా కారణంగా, సెఫీడ్‌లు, అరుణ మహాతారలు, సూపర్నోవా మూడింటి దూరాలనూ అదే పుటలో పోల్చి చూడవచ్చు.